గోలీ మారాక ఆయన రాలేదు

మందులిచ్చే సెంటర్‌లో ఆ రోజు అందరూ సంతోషంగా ఉన్నారు. నేనొక్కదాన్నే మొహం ముడుచుకుని కూర్చున్నాను. పాత గోలీ తీసేసి మా అందరికీ కొత్త గోలీ ఇస్తున్నారు. ఇకమీదట పొద్దున లేవగానే తల తిరగదు, గోడ పట్టుకుని నడవక్కర్లేదు, పిచ్చి పిచ్చి కలలు రావు అని కౌన్సిలర్ మేడమ్ ఒక్కొక్కరికీ చెబుతుంటే, నా పక్కనున్న పెద్దాయన 'పీడ పోయింది' అని చేతులు జోడించాడు. నాకేమో ఇంట్లోంచి మనిషిని తీసుకుపోతున్నట్టు అనిపించింది. ఆ పిచ్చి కలల్లోనే కదా మా ఆయన వచ్చేది.

దాచుకోవడం ఎందుకు, ముందే చెప్పేస్తాను. నాకు హెచ్ఐవీ ఉంది. రోజుకొక గోలీ వేసుకుంటాను. ఇల్లు చిక్కడపల్లిలో. అశోక్‌నగర్ సందులో, గ్రూప్స్‌కు చదివే పిల్లల కోసం మెస్ నడుపుతాను. వాళ్లు నన్ను అక్క అంటారు. ఇంకో గరిటె పప్పు ఎక్కువేస్తే పొంగిపోతారు, నోటిఫికేషన్ వాయిదా పడితే రెండు రోజులు అన్నం సరిగ్గా తినరు. నా సంగతి వాళ్లకు తెలియదు. వండి పెడితే ఇది రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. పైగా నా ఒంట్లో వైరస్ ఇప్పుడు రక్తపరీక్షలో కూడా కనపడనంత తక్కువలో ఉంది, అట్లా ఉన్నంతకాలం భార్యాభర్తలకు కూడా ఒకరినుంచి ఒకరికి అంటదట. కానీ ఇదంతా నిలబెట్టి చెప్పేలోపు మెస్ ఖాళీ అవుతుంది. అందుకని చెప్పను. నా పప్పు నేను వండుతాను.

ఆయనది జిరాక్స్ దుకాణం. లైబ్రరీ దగ్గర్లోనే, మెట్ల కింద ఇరుకు గది. కోచింగ్ సెంటర్ల నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు, కట్టలు కట్టలు. పరీక్షలు దగ్గరపడితే మిషన్‌కూ ఆయనకూ నిద్ర ఉండేది కాదు. ఇంటికొస్తే చొక్కా నుంచి వేడి కాయితం వాసన వచ్చేది. పెళ్లయిన కొత్తలో ఆ వాసన నాకు పడేది కాదు, ఇప్పుడు ఎక్కడ జిరాక్స్ మిషన్ తిరిగినా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి.

ఆయనకు దగ్గు మొదలైంది. మిషన్‌లో పోసే టోనర్ పొడి వల్ల అనుకున్నాడు. ఆ సందులో జిరాక్స్ పని చేసేవాళ్లంతా దగ్గితే టోనర్ మీదికే తోస్తారు. ఒకరికొకరు సిరప్‌ల పేర్లు చెప్పుకుంటారు. మూతికి రుమాలు కట్టుకున్నాడు, మిషన్ స్థలం మార్చాడు, మిషన్‌నే మార్చాడు. దగ్గు పోలేదు. చొక్కాలు వదులయ్యాయి. పరీక్ష చేయించుకో అని నేను పోరుతూనే ఉన్నాను. సీజన్ అయిపోనీ అనేవాడు. అశోక్‌నగర్‌లో సీజన్ ఎప్పుడైపోయింది గనక? చివరికి నేను షట్టర్ దించి, తాళంచెవి నా కొంగున కట్టుకుని తీసుకుపోయాను. టీబీ అన్నారు. ఆ వెంటనే ఇంకో పరీక్ష చేశారు. తర్వాత నాకూ చేశారు.

ఎట్లా వచ్చింది, ఎవరినుంచి వచ్చింది అని అడగబోయేవాళ్లకు ఒక మాట: అది మా ఇద్దరి సంగతి, మేమిద్దరం మాట్లాడుకున్నాం, అయిపోయింది.

అప్పటివాటిలో నాకు బాగా గుర్తున్నది ఆయన నాకు గోలీ సంగతి చెప్పిన సాయంత్రం. కౌన్సిలర్ మేడమ్ చెప్పింది నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. వైరస్, కణం, లోడ్ అంటుంటే ఆమె పెదాలు కదలడమే చూస్తూ కూర్చున్నాను. ఆయన మాత్రం బుద్ధిగా విన్నాడు. ఇంటికొచ్చి, మంచం మీద నాకెదురుగా కూర్చుని, తన భాషలో చెప్పాడు.

"ఇగో, జర సమజ్ చేస్కో. అది మన లోపటికొచ్చి జిరాక్స్ దుకాణం పెడ్తది. మిషన్ మనది, కాయితం మనది, కరెంటు మనది. కిరాయి గూడ ఇయ్యది. కాపీల మీద కాపీలు తీస్తది. గీ గోలి ఏం చేస్తదంటే, పోయి మిషన్ల కాయితం ఇరికిస్తది. ఒక్క కాపీ బయటికి రాదు."

"అయితే అది సస్తదా?"

"సావది. మూలకు దాక్కుంటది. రోజూ ఇరికియ్యాలె. నాగా పెడితే ఆ కాయితం గుంజి పారేసి మల్ల మొదలువెడ్తది. గందుకే జిందగీ అంత ఏస్కోవాలె."

"అయితే మనం బతుకుతమా?"

"బతుకుతం" అన్నాడు. ఎంత ధీమాగా అన్నాడంటే, ఆ రాత్రికి నేను లేచి చపాతీలు చేశాను.

గోలీ దాని పని అది చేసింది. పాపం దాన్ని అనడానికి లేదు. కానీ ఆయన దగ్గరికి అది చాలా ఆలస్యంగా వచ్చింది. సిరప్‌లు తాగుతూ టోనర్‌ను తిట్టుకుంటూ గడిపినన్నాళ్లలో ఒంట్లో కాపలా కాసే బలమంతా పోయింది. మందు కాపీలను ఆపగలదు గానీ పోయిన బలం మళ్లీ రావడానికి రోజులు కావాలి. ఆ రోజులు టీబీ ఇవ్వలేదు. అది మెదడుకెక్కింది. ఆయన పోయాడు. అప్పటికి నేను మంచిగానే ఉన్నాను, ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టిన మందు నాకు పట్టింది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.

కలలు ఆ తర్వాత వచ్చాయి. ఆ పాత గోలీలో కలిసి ఉండే మూడు మందుల్లో ఒకటి నిద్రలోకి పోయి అల్లరి చేస్తుందట. అందుకే పడుకునే ముందు వేసుకోమనేవాళ్లు. కొందరికి పాములొచ్చేవి, కొందరు బావుల్లో పడేవాళ్లు. సెంటర్‌లో బెంచీల మీద కూర్చుని చెప్పుకునేవాళ్లు. నాకు ఈయన వచ్చేవాడు. మామూలు కలల్లాగా మసకమసకగా కాదు. నారాయణగూడ మార్కెట్‌లో గోంగూర కట్ట పట్టుకుని బేరమాడుతుంటే ఆ ఆకుల మీది మట్టి కూడా కనపడేది. ఒకసారి కాచిగూడ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడుగునా తడిసిన కాయితాలు ఆరేస్తున్నాడు, రైలొస్తది లెమ్మంటే లేవడు. ఇంకోసారి నా మెస్‌లోకొచ్చి సాంబారులో బెల్లమేశాడు. వాళ్లమ్మ వేసేదట. ఆ కల నుంచి లేచి, ఉల్లిపాయలు కోస్తూ, పొద్దంతా ఆయనతో కొట్లాడాను. ఒంట్లో కండ ఉండేది కలల్లో. చొక్కా నిండుగా ఉండేది.

రోజూ వచ్చేవాడని కాదు. వచ్చినప్పుడు చెబుదామని నేను కబుర్లు కూడబెట్టుకునేదాన్ని. మన సందులో మెట్రో స్టేషన్ పుణ్యమా అని కిరాయిలు పెంచారు, నీ దుకాణంలో ఇప్పుడు జ్యూస్ పెట్టారు, నీ దగ్గర అప్పుగా నోట్సులు తీసుకుపోయిన సిద్దిపేట పిల్లకు ఉద్యోగమొచ్చింది, వెతుక్కుంటూ వచ్చి ఏడ్చింది. అన్నీ చెప్పేదాన్ని. వినేవాడు. ఆయన వినే పద్ధతి కూడా అదే, మెడ కొంచెం పక్కకు వంచి, మిషన్ చప్పుడులో వినడం అలవాటైన మనిషిలాగా.

ఇక మిర్చి బజ్జీల సంగతి. మందు మొదలుపెట్టినప్పుడే మేడమ్ హెచ్చరించింది, నూనె సరుకు తిని ఈ గోలీ వేసుకోవద్దు, మందు ఒంట్లోకి ఎక్కువ ఎక్కుతుంది, తల తిరుగుడూ కలలూ ఎక్కువవుతాయి అని. అందరూ దాన్ని జాగ్రత్తగా విన్నారు. నేను దాన్ని దారి చెప్పినట్టు విన్నాను. ఆదివారాలు మెస్‌లో పిల్లలకు మిర్చి బజ్జీలు వేస్తాను. నాకంటూ కొన్ని పక్కన పెట్టుకునేదాన్ని.

"అక్క, ఇయ్యాల మిర్చిలు గట్టిగనే లాగిస్తున్నవ్" అనేది జగిత్యాల పిల్ల.

"కడుపుల సల్లగుంటది" అనేదాన్ని. మిర్చి తింటే ఎవరి కడుపు చల్లగుంటుంది?

నిజంగానే ఆ రాత్రుల్లో ఆయన స్పష్టంగా వచ్చేవాడు. మర్నాడు కాళ్లు తేలిపోయేవి. పొయ్యి ముందు నిలబడితే గోడలు జరిగేవి. ఒకసారి అన్నం వార్చేటప్పుడు గంజి చేతి మీద పడింది. అయినా సరే, సెంటర్‌కు పోయినప్పుడు మేడమ్ "తల తిరుగుతుందా అక్క, కలలొస్తున్నయా" అని అడిగితే, "లేదు మేడమ్, మస్తు నిద్ర పడ్తుంది" అనేదాన్ని. వస్తున్నాయంటే మందు మారుస్తారని భయం.

నన్ను అడగకుండానే మార్చేశారు. అందరికీ మార్చారు.

కొత్త గోలీ మంచిది. ఈ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు, ఏ పూటైనా సరే, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి అంతే. పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకుంటున్నాను. తల తిరగడం ఆగింది. మెట్లు పట్టుకోకుండా దిగుతున్నాను. కొంచెం ఒళ్లు కూడా వచ్చింది, జాకెట్లు విప్పి కుట్టించాల్సి వచ్చింది. మెస్‌లో లెక్కలు తప్పడం లేదు, కూరలో ఉప్పు రెండుసార్లు పడటం లేదు. చూసినవాళ్లంతా బాగున్నావంటున్నారు.

ఆయన రావడం లేదు. నెల చూశాను. ఇంకో నెల చూశాను. ఆదివారం బజ్జీలు ఇంకా రెండెక్కువ తిన్నాను. గుండెలో మంట వచ్చింది, ఆయన రాలేదు. పడుకుంటే ఒక్కసారే తెల్లారుతోంది, మధ్యలో ఏమీ లేదు. మంచి నిద్ర అంటే ఇదేనేమో. అది నాకు అక్కర్లేకపోయింది.

ఇట్లా ఉండగా ఒకసారి సెంటర్‌లో మేడమ్ ఈ కొత్తది ఎట్లా పనిచేస్తుందో చెప్పింది. ఇందులోనూ మూడు మందులే. రెండు పాతవే, కాపీ చెడగొట్టేవి. మూడోది మాత్రం వేరు. వైరస్ ఎట్లాగో తంటాలు పడి తన కాపీ తీసుకున్నా, దాన్ని తీసుకుపోయి మన కణంలో ఉండే అసలు రాతలో అతికించుకోవాలట. అతికిందంటే ఇక మన కణమే అది మన రాతే అనుకుని దాన్ని చదివి కొత్త వైరస్‌లను తయారుచేసి పెడుతుంది. ఆ అతుకు పడకుండా ఈ మూడో మందు అడ్డం పడుతుంది. ఇదివరకే అతికిపోయినవాటిని పీకెయ్యలేదు, అవి మూల మూలల్లో నిద్రపోతూనే ఉంటాయి, అందుకే మందు ఆపకూడదు.

ఈసారి నాకు ఒక్క ముక్క కూడా పొల్లు పోలేదు. ఆమె చెబుతుండగానే తెలిసిపోయింది. స్పైరల్ బైండింగ్. జిరాక్స్ తీస్తే సరిపోదు, విడి కాయితాలు ఏ పిల్లా కొనదు. బొక్కలు కొట్టి, మిగతా నోట్సులతో కలిపి స్ప్రింగ్ ఎక్కించాలి. ఈ కొత్తది ఆ బైండింగ్ కానివ్వదు. కాయితాలు విడిగానే పడి ఉండి చెత్తలోకి పోతాయి.

ఈ మాట ఆయనకు చెప్పాలి. అంతే, ఇంకేమీ తోచలేదు. తిరిగొస్తూ మెట్రోలో నిలబడి ఆయన మొహం ఎట్లా వెలుగుతుందో ఊహించుకున్నాను. నాకు గోలీ నేర్పినవాడికి నేను గోలీ నేర్పాలి. చెప్పడానికి ఇంత మంచి కబురు నా దగ్గర ఎన్నడూ లేదు. చెప్పే చోటు లేదు.

పాత గోలీల సీసా ఒకటి ఇంట్లో ఉంది. అడుగున కొన్ని మిగిలాయి. మందు మార్చిన రోజు మిగిలినవి తిరిగి ఇచ్చెయ్యమన్నారు, అయిపోయాయని చెప్పి శనగపిండి డబ్బాలో దాచాను. పెత్రామాస దగ్గరికొస్తోంది. పోయినవాళ్లకు బియ్యమిచ్చి, వాళ్లకిష్టమైనవి వండి పెట్టే అమావాస్య అది. ఆయనకిష్టమైనవి మిర్చి బజ్జీలే. ఆ రోజు బజ్జీలు తిని ఒక్క పాత గోలీ వేసుకుంటే వస్తాడు. లెక్క సరిగ్గా కుదిరింది. కానీ డబ్బా మూత తీసినప్పుడల్లా ఆయన మాటే చెవిలో పడేది, మిషన్‌లో కాయితం సంగతి. చివరికి పెత్రామాస ఇంకా రాకముందే సీసా సంచిలో వేసుకుని సెంటర్‌కు పోయాను.

"మేడమ్, పాత గోలి ఒక్కటి ఏస్కోవచ్చా?"

"ఎందుకక్క, కొత్తది పడ్తలేదా?"

"పడ్తుంది. మంచిగనే ఉంది."

"మరి?"

సంచిలోంచి సీసా బయటికి తీశాను. "పాతదేస్కుంటే మా ఆయన వస్తుండె" అన్నాను.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "కలలు రావు అని చెప్తుంటివి గద అక్క ఇన్నేండ్లు."

"చెప్తే మారుస్తరని చెప్పలే."

ఆమె నవ్వలేదు. నా చేతిలోంచి సీసా తీసుకుంది. "ఆయన గోలీల లేడక్క, నీ మనసుల ఉన్నడు" అంది.

నాకు చర్రున కోపమొచ్చింది. "మనసుల ఉంటే ఇన్ని దినాల సంది ఎందుకు వస్తలేడు? చెప్పుండ్రి."

ఆమె ఇంకో ఓదార్పు మాట వెతకలేదు. అందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది. సీసా తిప్పి చూసి, దీని డేట్ అయిపోయిందని చెప్పింది. డేట్ ఉన్నా వద్దనే అనేదట. కాపీ తీసేటప్పుడు వైరస్ తప్పులు చేస్తుంది, మందులు అటూ ఇటూ మారుస్తూ నాగాలు పెడుతుంటే ఆ తప్పుల్లో ఏదో ఒకటి మందుకు లొంగనిదిగా తేలుతుంది, పాత గోలీలో కలలు తెచ్చే ఆ మందును అయితే మరీ తొందరగా దాటేస్తుంది అని చెప్పింది. "ఒక్కనాడు ఏస్కుంటే వస్తడు. మల్లొకనాడు ఏస్కోబుద్ధయితది. నువ్వు ఆగవక్క" అంది. నా సంగతి ఆమెకు బాగానే అర్థమైంది.

సీసా ఆమె టేబుల్ మీదే ఉండిపోయింది. నేను లేవలేదు.

"ఇంతకూ ఆయనకు ఏం చెప్దామనుకున్నవ్?" అని అడిగింది.

చెప్పాను. ఆయన చెప్పినట్టే మొదలుపెట్టాను, ఇగో జర సమజ్ చేస్కో అని. దుకాణం, కిరాయి, మిషన్‌లో ఇరికిన కాయితం, ఆయనవి అయిపోయాక నాది, స్పైరల్ బైండింగ్. ఆమె నన్ను మళ్లీ మొదటినుంచి చెప్పమంది. విని, "ఇది నేను వేరేటోళ్లకు చెప్పుకోవచ్చా?" అని అడిగింది. మా పేర్లు చెప్పకుంటే చాలన్నాను.

పెత్రామాసనాడు బియ్యమిచ్చాను. బజ్జీలు వేశాను, పిల్లలు తిన్నారు, నేనూ తిన్నాను. పొద్దున వేసుకున్న గోలీ తప్ప ఇంకేదీ వేసుకోలేదు. ఆయన రాలేదు. తెల్లారి లేచి పప్పు నానబోశాను. శనగపిండి డబ్బా తేలిగ్గా ఉంది.

తర్వాత మందుల కోసం మళ్లీ పోయినప్పుడు బెంచీ మీద నా వంతు కోసం కూర్చున్నాను. మేడమ్ గది తలుపు ఉక్కపోతకు సగం తెరిచి ఉంది. లోపల ఎవరో భార్యాభర్తలు, కొత్తవాళ్లు. వాళ్లు కనపడటం లేదు, మాట వినపడుతోంది. వినడం తప్పని లేచి నీళ్ల కుండ దగ్గరికి పోబోయాను.

"జర సమజ్ చేస్కోండ్రి" అంటోంది మేడమ్. "అది మన లోపటికొచ్చి జిరాక్స్ దుకాణం పెడ్తది. మిషన్ మనది, కాయితం మనది, కరెంటు మనది. కిరాయి గూడ ఇయ్యది."

నా కాళ్లు ఆగిపోయాయి. ఆ సాయంత్రం కిరాయి మాట దగ్గర ఆయన నవ్వినట్టే లోపల మగమనిషి కూడా చిన్నగా నవ్వాడు. మేడమ్ బైండింగ్ దాకా వచ్చింది. నా మాట ఆయన మాట పక్కన కూర్చుంది. నేను మెడ కొంచెం పక్కకు వంచి విన్నాను.

తర్వాత లోపలి ఆడమనిషి గొంతు వినిపించింది. "అయితే మనం బతుకుతమా?" అంది. అడిగింది మేడమ్‌ను కాదు, పక్కనున్నాయన్ని.

"బతుకుతం" అన్నాడతను.

బెంచీ మీద కూలబడి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పక్కనున్న పెద్దాయన ఏమైందమ్మా అని అడిగాడు. ఏం కాలేదన్నాను. ఆ రోజు మంచం మీద కూర్చుని మా ఆయన చెప్పిన మాటలో సగమే నిజమైంది. ఆ సగం నేనే. మేడమ్ నా నంబరు పిలిచింది, లేచి లోపలికి పోయి మందులు తీసుకున్నాను.